వాడని ఏడాది

బయల్దేరే రోజున నా దగ్గరున్న సరుకు ఇది: ఇరవై ఆరు ఏళ్లు, ఏడాదికో టిక్కీ చొప్పున. పొద్దున్నే లారీ వచ్చి వాటిని మా కమీషన్ కొట్టు ముందు దించి వెళ్లింది. గుంటూరు మిర్చి యార్డులో మిరపకాయల బస్తాను టిక్కీ అంటాం. నా ఏళ్లు కూడా టిక్కీల్లోనే వచ్చాయి. ఒక్కో గోనె మీద ఎర్రరంగుతో నా పేరు వేసి ఉంది: చక్కా లింగేశ్వరరావు. పేరు కింద ఏటి అంకె.

బిజినెస్ స్కూలు వాళ్లు సరుకంతా తీసుకురమ్మన్నారు. ఇంటర్వ్యూలో వాళ్లకు నచ్చిన చోట సంచి కోసి మచ్చు చూసుకుంటారట.

నేను కొనేవాణ్ణి. మా మావయ్య కొట్లో చేరినప్పటి నుంచి రైతులు తెచ్చిన కాయను చూసి, విరిచి, వాసన పట్టి, ధర కట్టడమే నా పని. అందుకని నా ఏళ్లనూ అలాగే చూస్తాను. చిన్నప్పటివి రంగు బాగున్నాయి, ఘాటు లేదు. పదో ఏడు నెమ్మెక్కింది. ఆ ఏడు నాన్న పోయాడు, సంచి అడుగు నుంచి ఇంకా నీరు కారుతోంది. ఇంటర్ చదివిన ఏళ్లు వట్టి తాలు, తెల్లగా తేలిపోయిన కాయలు. డిగ్రీ ఏళ్ల మూతి విప్పితే తుమ్ములు వస్తాయి కానీ ఎందుకు వస్తాయో తెలియదు.

చివరి టిక్కీ గోనె అరిగిపోయింది. పోగుల సందుల్లోంచి లోపలి మధ్యాహ్నాలు కనబడుతున్నాయి. దాన్ని రెండుసార్లు వాడాను.

సంగతి ఇది. ఆ స్కూల్లో సీటు వచ్చినవాళ్లకు వాడని ఏడాది ఒకటి ఇస్తారు. వెళ్లి సీటు రానివాళ్లు పాత ఏడాదినే దులిపి మళ్లీ వాడుకోవాలి. నిరుడు నాకు రాలేదు. అందుకని నిరుడు తడిసిన వానలోనే, అదే మలుపులో, అదే చొక్కాతో ఈ ఏడాదీ తడిశాను. నిరుడు తెగిన చెప్పే తెగింది. నిరుడు నాతో పెళ్లికి కాదన్న అమ్మాయి మళ్లీ వచ్చి, అవే మాటలతో కాదంది. ఇంకోసారి వాడితే ఆ గోనె నిలవదు. పోగులు విడిపోయి రోజులు రోడ్డు మీద పడితే ఏరుకునేవాళ్లు కూడా ఉండరు.

పురుషోత్తం మావయ్య తన ముప్ఫై నాలుగో ఏడును ఎప్పటి నుంచో వాడుతున్నాడు. ఆయనా ఒకప్పుడు ఆ స్కూలుకు వెళ్లి తిరిగి వచ్చినవాడే. అందుకే ఆయన జుట్టు నెరవలేదు. ఆయన కొడుకులు ఇప్పుడు ఆయనకంటే పెద్దవాళ్లు. పెద్దవాడు ఈ మధ్య ఆయన్ను "ఏరా" అనబోయి, నాలుక కరుచుకుని "నాన్నా" అన్నాడు.

మావయ్య నా టిక్కీల చుట్టూ తిరిగి, ఒకదాన్ని కాలితో తట్టి చూస్తాడు.

"ఏందిరా లింగేశూ, మళ్లీ పోతన్నావా? ఉన్న ఏడాదికేం తక్కువయింది? నేను వాడుకోటంలా?"

"చిరుగులు పడ్డాయి మావయ్యా."

"అత్తయ్య కుట్టిద్ది."

అత్తయ్య నిజంగానే దబ్బనం, పురికొస పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె మావయ్య ఏడాదిని ఎన్నిసార్లు కుట్టిందంటే, అందులో ఇప్పుడు రోజులకంటే కుట్లే ఎక్కువ. ఆయన శ్రావణమాసం మధ్యలో ఒక్కోసారి పురికొస తగిలి తూలిపడతాడు. లేచి, ఏమీ జరగనట్టు కాయ బేరానికి వెళ్లిపోతాడు.

నాకు అలా తూలడం ఇష్టం లేదు. నేను అడిగేది ఎక్కువేమీ కాదు. రేపు ఏం జరుగుతుందో తెలియని ఒక ఏడాది కావాలి.

*

వెళ్లే ముందు యెషయా మాస్టారి దగ్గర ఇంటర్వ్యూ నేర్చుకుంటాను. మాస్టారు నడుము నుంచి పైకి బ్లాక్‌బోర్డులోంచి బయటికి వచ్చి ఉంటాడు. కింది సగం బోర్డు లోపల ఉందో, అసలు లేదో ఎవరూ అడగలేదు. చెప్పే పాఠం పై సగంలోంచే వస్తుంది కాబట్టి అవసరం పడలేదు.

మాస్టారు నా టిక్కీల మూతులు విప్పించి, తల అడ్డంగా ఊపుతాడు. నేను యార్డు అలవాటు ప్రకారం ప్రతి సంచిలోనూ మంచికాయ పైన పెట్టాను. స్కూల్లో వచ్చిన బహుమతి, అన్నయ్య కన్నా ముందు నేను ఈత నేర్చుకోవడం, పందొమ్మిదో ఏట ఒక రైతు నా మాట నమ్మి సరుకు ఆపుకుని లాభపడటం. అవన్నీ కిందికి పొమ్మంటాడు మాస్టారు. తాలు పైకి తెమ్మంటాడు.

"వాళ్లకు కష్టం కావాలయ్యా. ఎర్రకాయ అందరి దగ్గరా ఉంటది. మూతి విప్పంగానే కళ్లెంట నీళ్లు రావాల."

"మా యార్డులో తాలు పైన పెడితే బస్తా విప్పకుండానే పంపించేస్తారు మాస్టారూ."

"మీ యార్డు కాయ కొనిద్ది. వీళ్లు మచ్చు కొంటారు."

ఆ మాట నాకు అర్థం కాదు. అయినా కూర్చుని అన్ని సంచులూ తిరగేస్తాను. తాలు తేలిక కాబట్టి సులభంగానే పైకి వస్తుంది. పదో ఏడు మాత్రం మాట వినదు. నాన్న పోయిన రోజును రెండు చేతులతో పట్టి మూతి దగ్గర పెడతాను. తాడు కట్టేలోపు అది అడుక్కు జారిపోతుంది. మళ్లీ పెడతాను, మళ్లీ జారుతుంది. చివరికి నా చొక్కా తడిసిందే తప్ప సంచి పైభాగం తడవలేదు.

మాస్టారు అది చూసి, "అది అమ్ముడుపోయే కష్టం కాదులే, వదిలెయ్," అని బోర్డులోకి వెళ్లి చెరిగిపోతాడు.

*

స్కూలు మా యార్డు వెనకున్న కోల్డ్ స్టోరేజిలోనే ఉంది. అందరూ హైదరాబాదులో ఉందనుకుంటారు. హైదరాబాదులో ఉన్నది దాని గేటు.

హమాలీలు నా టిక్కీలు లోపలికి చేరవేస్తారు. పదో ఏడును మోసినతను మాత్రం మెట్ల మీద ఆగి, నా వైపు తిరిగి, పోయిన తన అన్న పేరు చెప్పి, మళ్లీ నడుస్తాడు. నేను తలాడిస్తాను.

లోపల ఎంత ఎత్తు చూసినా చెక్క అరలే. మిరపకాయలు ఉండాల్సిన అరల్లో అభ్యర్థులు కూర్చున్నారు. ఒక్కొక్కరి పక్కన వాళ్ల వాళ్ల ఏళ్లు. బెజవాడ కుర్రాడొకడు తన ఏళ్లను అట్టపెట్టెల్లో పెట్టి రిబ్బన్లు కట్టాడు. మరొకడు ఏళ్లన్నీ దంచి పొడి చేసి, చిన్న సీసాలో పోసి తెచ్చాడు. అది మంచి పద్ధతో కాదో తేల్చుకోలేక, మూత తీసి తనే వాసన చూసుకుంటున్నాడు.

చలికి అందరి నోళ్లలోంచీ ఆవిరి వస్తోంది. కొందరి ఆవిరి ఇంగ్లీషులో వస్తోంది. అది గుండ్రంగా పైకి లేచి కప్పు దాకా వెళ్తోంది. నాది తెలుగులో వచ్చి, మోకాళ్ల మీదే ఆగిపోతోంది.

నా పక్క అరలో ఒక అమ్మాయి. పేరు షేక్ నగీనా, ఊరు సత్తెనపల్లి. ఆమె దగ్గర ఒక్కటే సంచి ఉంది. దాని తాడును మణికట్టుకు చుట్టుకుంది. మనిషిని చూస్తే ఇరవై రెండేళ్లకు తక్కువ లేదు.

"మిగతా సంచులేవమ్మా?" అని అడుగుతాను.

"మాకు ఒకటేనన్నా. ఇంట్లో ఐదుగురం. వంతుల మీద వాడుకుంటాం."

"మరి నువ్విక్కడికి పట్టుకొచ్చేస్తే వాళ్లు?"

"ఆగి ఉన్నారు. అమ్మ గరిటె ఎత్తింది, అట్నే ఉంది. నాన్న స్కూటరు మీదికి ఒక కాలేసి ఉన్నాడు. తమ్ముడు ఆవలిస్తన్నాడు. చెల్లి నాకు టాటా చెప్తా ఉంది. నేను తొందరగా పోవాల, తమ్ముడి నోట్లో ఈగలు దూరతయ్."

ఆమె ఇదంతా బస్సు టైములు చెప్పినట్టు చెబుతుంది. నా బుర్రలో లెక్క మొదలవుతుంది. ఐదుగురికి ఒక ఏడాదంటే, ఒకళ్లు నడిచేటప్పుడు నలుగురు నిలబడాలి. చదువుకున్నంతసేపూ ఈ పిల్ల ఇంట్లో వంట ఉడికి ఉండదు. వంట ఉడికినంతసేపూ ఈ పిల్ల చదివి ఉండదు. ఎలా కుదిరిందో తేలదు. అడిగితే ఆమెకూ తేలదు.

వాడని ఏడాది వస్తే ఏం చేస్తావంటాను.

"కొత్తది సాగుద్దంటన్నా. పరిస్తే ఐదుగురికీ సరిపోద్దంట. మేం ఐదుగురం ఒకేసారి కదల్లేదు ఇప్పటిదాకా. కలిసి అన్నం తింటే ఎట్టా ఉంటదో చూడాలని."

"బేరం చేయడం వచ్చా?"

"రాదన్నా. అడిగిందానికి చెప్తా."

ఇలాంటి సరుకు యార్డుకు వస్తే ఎండెక్కేలోపు చౌకగా పోతుంది, అనుకుంటాను. అలా అనుకోవడం నాకు పాపంగా తోచదు. వడ్రంగి కర్రను చూసి మంచం అనుకోడా, అలాగే.

*

నన్ను పిలుస్తారు. గదిలో పొడుగాటి బల్ల. బల్లకు అటువైపు ముగ్గురు. ఒకరు కళ్లద్దాల మేడమ్. ఆమెకు ఎడమ పక్కన ఇద్దరు మగవాళ్లు ఒకే కోటు తొడుక్కుని కూర్చున్నారు, ఒకాయన చెయ్యి కోటు కుడిచేతిలో, ఇంకొకాయనది ఎడమచేతిలో. మధ్య గుండీలు పెట్టే ఉన్నాయి. ఎవరూ ఇబ్బంది పడుతున్నట్టు లేదు.

మేడమ్ సొరుగులోంచి తెల్లటి తువ్వాలు తీసి బల్ల మీద పరుస్తుంది. తన చెయ్యి దాని కిందికి పోనిస్తుంది. నన్ను చూస్తుంది.

నా గుండె కుదుటపడుతుంది. ఇది నాకు వచ్చిన పనే. మా యార్డులో పాతకాలపు బేరం ఇలాగే సాగుతుంది. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలుపుతారు. పట్టుకున్న వేళ్లే ధర. చుట్టూ ఎంతమంది నిలబడినా ఎవరికీ తెలియదు. పైన నోళ్లు మాత్రం వానల గురించో, పిల్లల చదువుల గురించో మాట్లాడుకుంటూ ఉంటాయి. నోటితో ధర చెప్పినవాణ్ణి నేను పుట్టాక చూడలేదు. నోరున్నది అందుకు కాదు.

నా చెయ్యి తువ్వాలు కిందికి వెళుతుంది.

"మీ వైపు వర్షాలు ఎలా ఉన్నాయి?" అంటుంది మేడమ్.

"నిరుటిలాగే ఉన్నాయండీ," అంటాను. అది నిజం.

కింద ఆమె వేళ్లు నా వేళ్లను పట్టుకుంటాయి. నా ఇరవై ఆరు ఏళ్లకూ బదులుగా వాడని ఏడాదిలో పది నెలలు ఇస్తానంటున్నాయి. మంచి ధర. నిరుడు ఆరు దగ్గరే లేచిపోయారు. నేను చేయాల్సిందల్లా ఇంకాస్త పైకి గుంజి, పన్నెండు దగ్గర గట్టిగా పట్టుకోవడం.

నా చెయ్యి ఎనిమిది అంటుంది.

పొరపాటున అందేమోనని చూస్తాను. మళ్లీ అంటుంది, ఈసారి ఏడు. మేడమ్ కనుబొమలు కాస్త లేస్తాయి. పైన ఆమె మా అత్తయ్య ఆరోగ్యం అడుగుతోంది, నేను బాగుందంటున్నాను. కింద నా చెయ్యి నా సరుకును తిట్టడం మొదలుపెట్టింది. పదో ఏడు నెమ్మంటుంది. ఇంటర్ తాలంటుంది. చివరి ఏడు గోనె కూడా పనికిరాదంటుంది. అన్నీ నిజాలే. ఆ చెయ్యి ఏళ్ల తరబడి కొనడమే చేసింది. అటు కూర్చున్నది ఎవరు, ఇటు కూర్చున్నది ఎవరు అన్నది దానికి పట్టదు. తువ్వాలు కింద చీకట్లో దానికి తెలిసిన దారి ఒకటే, కిందికి.

ఐదు. మూడు. రెండు. నేను చెయ్యి వెనక్కి లాక్కోవాలనుకుంటాను. కానీ బేరం మధ్యలో చెయ్యి తీసిన వ్యాపారితో ఆ తరువాత ఎవరూ బేరమాడరు. అందుకని కూర్చునే ఉంటాను. చివరికి నా వేళ్లు ఆమె అరచేతిని ఒకసారి తట్టి, ఖాళీగా నిలబడతాయి. ఏమీ ఇవ్వక్కర్లేదని అర్థం.

మేడమ్ తువ్వాలు కింద నుంచి చెయ్యి తీస్తుంది.

"సరుకు మీదేనండీ," అంటుంది. "ఇంత తక్కువకు ఇంతవరకు ఎవరూ కొనలేదు."

కోటులో ఉన్న ఇద్దరూ చప్పట్లు కొడతారు. అందుకు చెరో చెయ్యి చాలింది.

నా ఏళ్లన్నిటినీ నేనే కొనుక్కున్నానని అప్పుడు తెలుస్తుంది. మరి సీటు, అని అడుగుతాను. అమ్మినవాళ్లకే సీటు, కొన్నవాళ్లు ఇటు వచ్చి కూర్చోవాలి అంటారు. ఇందులో తప్పు ఎక్కడుందో వెతుకుతాను. దొరకదు. లేచి బల్ల చుట్టూ తిరిగి, మేడమ్ పక్కన కూర్చుంటాను. ఇటు నుంచి చూస్తే గది అచ్చం అలాగే ఉంది, కుర్చీ మాత్రం వెచ్చగా ఉంది.

"నా ఏడాది సంగతేంటండీ?" అంటాను.

"ఇక్కడే సంపాదించుకోండి. తరువాతి అభ్యర్థికి ఒక ఏడాది పెట్టాం. ఎన్ని నెలలు తగ్గిస్తే అన్ని నెలలు మీవి."

ఇది నాకు వెంటనే అర్థమవుతుంది. పొద్దుటి నుంచి ఇంత తేటగా అర్థమైన మాట ఇదొక్కటే.

తలుపు తెరుచుకుంటుంది. నగీనా సంచి పట్టుకుని లోపలికి వస్తుంది.

*

"అన్నా, మీరా?" అని ఆమె నవ్వుతుంది. తెలిసిన ముఖం కనబడినందుకు ఆమె భుజాలు కాస్త దిగుతాయి. ఎదురుగా కూర్చుని, సంచిని ఒళ్లో పెట్టుకుంటుంది. చెయ్యి బల్ల మీద పెట్టమంటే పెడుతుంది. మేడమ్ తువ్వాలు కప్పుతుంది. నా చెయ్యి దాని కిందికి పోతుంది.

"దారిలో ఇబ్బందేమన్నా పడ్డావా?" అంటాను పైన.

"లేదన్నా. కిటికీ పక్కన సీటు దొరికింది."

కింద నా చెయ్యి ముందుగా ఆరు నెలలంటుంది. మామూలుగా అవతలి చెయ్యి విదిలించుకుంటుంది, లేదా ఎక్కువ వేళ్లు పట్టుకుంటుంది. ఈమె చెయ్యి ఏమీ చేయదు. చల్లగా, కదలకుండా, పెట్టిన చోటే ఉంది. నా చెయ్యి ఐదంటుంది. నాలుగంటుంది. ఎదురు లేని బేరం ఎప్పుడూ చేయలేదు కాబట్టి దానికి తోవ తెలియడం లేదు, అలవాటు మీద దిగిపోతోంది. పాత సంచి అంటుంది. ఐదుగురు వాడిన సరుకు అంటుంది. మూడు నెలల దగ్గర మూడు వేళ్లు నొక్కి ఆగుతుంది.

మూడు ఆమెకు, తొమ్మిది నాకు.

తొమ్మిది నెలలు నా కళ్ల ముందుకు వస్తాయి. ఎవరూ నడవని తొమ్మిది నెలలు. అందులో ఒక ఉదయం నేను తలుపు తీస్తే అవతల ఎవరున్నారో నాకు తెలియదు. ఎవరో ఒకమ్మాయి ఏదో అంటుంది, ఏమంటుందో ముందుగా తెలియదు. నేను పచ్చి చింతకాయ చూసినవాడిలా గుటక వేస్తాను. ఇంకొక్క నొక్కు నొక్కితే రెండవుతుంది. ఇంకొకటి నొక్కితే ఒకటి. అంతా నొక్కితే మొత్తం నాదే.

పైన మా మాటలు అయిపోయాయి. అడగడానికి ఏమీ దొరక్క, "అమ్మ ఏం వండుతోందమ్మా?" అంటాను.

"పప్పుచారు. పోపు పెట్టబోతా ఉంది." ఆమె కాసేపు తువ్వాలు వంక చూస్తుంది. "అన్నా, నా చెయ్యి నొప్పి పుడతా ఉంది. ఈ వేళ్ల లెక్క నాకు తెలవదు."

అని, రెండో చేత్తో తువ్వాలు తీసేస్తుంది.

కోపంగా కాదు. దండెం మీద బట్ట తీసినట్టు తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టి ఒళ్లో ఉన్న సంచి మీద పెట్టుకుంటుంది. కోటులో ఉన్న ఇద్దరూ ఒకరి వంక ఒకరు చూసుకోబోతారు, గుండీలు అడ్డం వస్తాయి.

బల్ల మీద రెండు చేతులు ఉన్నాయి. ఒకటి వెల్లకిలా ఉంది. ఇంకొకటి దాని మీద వంగి, మూడు వేళ్లతో నొక్కి పట్టుకుని ఉంది. నొక్కిన చోట చర్మం తెల్లబడింది. ఆ వంగిన చేతిని నేను ఇంతకుముందు చూడలేదు. ఎవరిదో తెలుసుకుందామని మణికట్టు మీదుగా, మోచేతి మీదుగా, భుజం దాకా చూస్తూ వస్తాను. నాదే.

పని చేసేటప్పుడు అది ఇలా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరు చెబుతారు? ఎవరూ చూసి ఉండరు.

"మూడంటే ఏందన్నా?" అని నగీనా అడుగుతుంది. తెలుసుకుందామనే అడుగుతోంది.

గదిలో అందరూ నా నోటి వంక చూస్తారు. తువ్వాలు లేదు కాబట్టి ధర నోటితోనే చెప్పాలి. మూడు నెలలు, అనడానికి నోరు తెరుస్తాను. మాట నాలుక దాకా వచ్చి ఆగుతుంది. నా నోటికి ధరలు అలవాటు లేవు. వానలు తెలుసు, ఆరోగ్యాలు తెలుసు, ఎవరింట్లో ఏం వండారో తెలుసు. దానికి తెలిసిన లెక్కలు అవే. ఆ లెక్కలే వేసుకుంటాను. గరిటె ఎత్తిన మనిషి ఒకరు. స్కూటరు మీద కాలేసినవాడు ఒకడు. ఆవలించేవాడు, చెయ్యి ఊపేది. ఈ పిల్ల. ఎటు కూడినా మూడు రాదు.

"మూడు కాదమ్మా," అంటాను. "పన్నెండు. ఏడాది మొత్తం."

నా గొంతు నాకే కొత్తగా వినబడుతుంది. ధర పైకి చెబితే ఇంత చప్పుడవుతుందని తెలియదు.

"మీకేమీ మిగల్లేదే," అంటారు కోటులోని ఇద్దరూ కలిసి.

"లేదండీ."

"ఇది ఏ రకం వ్యాపారం?"

నాకు తెలియదు. తెలియదనే చెబుతాను. యార్డులో ఇలాంటి దానికి పేరు లేదు. నష్టం అనడానికి పోయింది నాది కాదు. దానం అనడానికి ఇచ్చింది నాది కాదు. మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "సరే, ధర పలికింది," అంటుంది.

వాడని ఏడాదిని ఒక తోపుడుబండి మీద తెస్తారు. గోనె మీద ఒక్క ముడత లేదు. పేరు వేయాల్సిన చోటు ఖాళీగా ఉంది. నగీనా దాని మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసి, మళ్లీ వేస్తుంది. వెచ్చగా ఉందంటుంది. తువ్వాలును మేడమ్‌కు ఇచ్చి, కొత్త సంచిని నెత్తిన పెట్టుకుని, వాళ్లు కొన్నది మచ్చే కాబట్టి పాత సంచిని చంకన పెట్టుకుంటుంది. తరగతులు ఎప్పటి నుంచో కనుక్కుంటుంది. గుమ్మం దగ్గర ఆగి, "వస్తానన్నా," అంటుంది.

ఆమె వెళ్లిన కాసేపటికి సత్తెనపల్లి వైపు నుంచి గరిటె గిన్నెకు తగిలిన చప్పుడు వస్తుంది. ఆ వెనకే స్కూటరు. ఆ వెనకే ఎవరో నోరు మూసుకున్న చప్పుడు, మెత్తగా.

*

"మీ సరుకు మీరు తీసుకెళ్లాలి," అంటుంది మేడమ్. "చివరి సంచి ఇంకోసారి వస్తుందేమో వాడి చూడండి."

నా టిక్కీలు వరండాలో వరసగా ఉన్నాయి. ఇరవై ఆరోదాని దగ్గరికి వెళ్లి, మూతి పట్టుకుని లేపబోతాను. బేరం చేసిన కుడిచెయ్యి ముడుచుకోదు. వేళ్లు చాపుకొని అలాగే ఉన్నాయి. ఎడమచేత్తో వంచి చూస్తాను. వదలగానే తెరుచుకుంటున్నాయి. ముడవని చేత్తో గోనె పట్టు చిక్కదు. పాత ఏడాదిని ఎత్తలేను, కొత్తది లేదు. అయితే ఇప్పుడు నేను ఏ ఏడాదిలో నిలబడి ఉన్నట్టు? హమాలీలను అడుగుతాను. వాళ్లు ఆలోచించి, తెలియదంటారు.

నొప్పేమన్నా ఉందేమోనని అరచేతిని వెలుగులోకి పట్టి చూస్తాను.

నడిమి గీత తారురోడ్డు అయింది. దాని మీద బియ్యపుగింజంత ఎర్రబస్సు వస్తోంది. బొటనవేలి మొదట్లో మలుపు తిరిగి ఆగుతుంది. తలుపు తీసుకుని మనుషులు దిగుతారు. పంచెలు, చీరలు, ప్యాంట్లు, ఒక బురఖా. చేతుల్లో మూటలున్నాయి. ముందు దిగిన పెద్దాయన నడుం సర్దుకుని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి, నా ముఖం వైపు చూస్తాడు.

"బాబూ, ధర పైకి చెప్పేది ఇక్కడేనా?"

"ఇక్కడేనండీ," అంటాను, ఊపిరికి ఆయన ఎగిరిపోకుండా మెల్లగా.

ఆయన వెనక్కి తిరిగి బస్సుకు చెయ్యి ఊపుతాడు. ఇంకా దిగుతున్నారు. ఆ బస్సులో అంతమంది ఎలా పట్టారో లెక్క తేలడం లేదు. చూపుడువేలి మీద కొందరు దుప్పట్లు పరుస్తున్నారు. మణికట్టు దగ్గర ఒకతను నా నాడి పక్కన గుంజ పాతుతున్నాడు. నొప్పి లేదు, కొట్టినప్పుడల్లా చిన్న మోత. వాళ్లు ఒరిగిపోకుండా చెయ్యి చదునుగా పట్టుకుని, చూసి చూసి అడుగులు వేస్తూ నడుస్తాను.

చివరి లెక్క రాసుకోవాలి. సీటు లేదు. అమ్మింది లేదు. ఎత్తలేని సరుకు వరండాలో ఉంది. వచ్చింది, మూసుకోని చెయ్యి ఒకటి, దాని మీద నాకు పేరు తెలియని ఊరు. ఆ ఊరిని నా ఖాతాలో వేసుకోవాలో, నన్ను ఆ ఊరి ఖాతాలో వేయాలో తెలియదు. ఆ ఊళ్లో రేపు ఏం జరుగుతుందో కూడా తెలియదు. చిటికెనవేలి కొసన ఎవరో ఆడమనిషి మూడు రాళ్లు చేర్చి పొయ్యి వెలిగించింది. పొగ నా కళ్ల దాకా వస్తోంది.